ఎలుగుబంటి తిన్న చాక్లెట్ మందు

నేరేళ్లకోన అడవిలో ఎలుగుబంట్లు, బెట్టుడుతలనే పెద్ద ఉడుతలు, కుందేళ్లు, నెమళ్లు కలిసిమెలిసి ఉండేవి. ఆ అడవికి ఒక కట్టుబాటు ఉంది. చిటారుకొమ్మన పండిన తొలి మామిడిపండును ఎవరైనా కిందికి దింపాలి. అంతవరకూ మామిడి ఎవరూ ముట్టకూడదు. దింపినవారికే తొలి కాటు, ఆ తర్వాత అడవి చుట్టూ సాగే ఊరేగింపులో ముందు నడక.

ఐదేళ్లుగా ఆ గౌరవం భల్లన్న అనే ఎలుగుబంటిదే. అందుకే అతనికి గర్వం కాస్త ఎక్కువ. తిండి ఇంకాస్త ఎక్కువ.

ఒకరోజు కొంగ వైద్యుడు అతని ఛాతీకి చెవి ఆనించి విన్నాడు.

"భల్లన్నా, నీ రక్తంలో కొవ్వు పెరుగుతోంది. తీపి, వెన్న తగ్గించు. బాగా నడువు. అడవి చివరి తోటలో కోకో గింజలున్నాయి. వేయించి దంచి రోజుకో చిటికెడు తిను, గుండెకు కొంత మేలు."

మొదటి మాటలు గాలికి పోయాయి. చివరి మాట ఒక్కటే భల్లన్న చెవికెక్కింది.

గింజలు దంచి నోట్లో వేసుకున్నాడు. "ఛీ, చేదు!" బెల్లం కలిపాడు. అయినా గొంతు దిగలేదు. వెన్న కలిపాడు. ఘుమఘుమలాడే చాక్లెట్ ఉండలు తయారయ్యాయి. అబ్బ, ఆ రుచి ఏం చెప్పమంటారు!

"అన్నా, చిటికెడంటే ఇంతా?" అని నోరు తెరిచింది సింగారి అనే బెట్టుడుత.

"పిచ్చిదానా! కొంగ చిటికెడు కొంగది, నా చిటికెడు నాది. ఇది తిండి కాదు, మందు!" అంటూ భల్లన్న గుప్పెడు ఉండలు మింగాడు.

సింగారి మాత్రం చేదు గింజనే రవ్వంత కొరికి, రోజంతా కొమ్మల మీద గంతులేసేది.

మామిడి పండింది. అందరూ చూస్తుండగా భల్లన్న చెట్టెక్కాడు. సగం దూరంలోనే ఆయాసం ముంచుకొచ్చింది. గుండె డప్పులా కొట్టుకుంది. కళ్లు తిరిగాయి.

"దిగిరా అన్నా! పండు పోతే పోయింది!" అని సింగారి అరిచింది.

పైకి పోతే ప్రాణానికి, కిందికి వస్తే పరువుకు ముప్పు. పాపం, భల్లన్న మెల్లగా కిందికే జారాడు. సింగారి రివ్వున ఎక్కి పండు తెచ్చింది. అడవంతా కేరింతలు!

వైద్యుడు భల్లన్న దగ్గరున్న ఉండ ఒకటి రుచి చూసి పకపకా నవ్వాడు. "కోకో వీసమెత్తు, బెల్లం వెన్నా మణుగెత్తు! కొవ్వు తగ్గాలని కొవ్వే తిన్నావా నాయనా?"

భల్లన్న తల దించుకున్నాడు. అంతలోనే తనకూ నవ్వొచ్చింది. "నన్ను నేనే మోసం చేసుకున్నాను. ఇప్పుడేం చేయను?"

"ఊరేగింపు కదులుతోంది. నడువు."

ఆ ఏడు భల్లన్న అందరికంటే వెనక నడిచాడు. ఆగుతూ, ఆయాసం తీర్చుకుంటూ, చిందులేస్తూ అడవి మొత్తం చుట్టి వచ్చాడు. చివరికి ఆ తొలి పండులో అతనికి మిగిలింది టెంక ఒక్కటే. దాన్ని చీకుతూ, "ఇంత తీయని పండు నేనెన్నడూ తినలేదు!" అన్నాడు.

నీతి: మేలు చేసేదైనా మితంగానే తినాలి, జిహ్వచాపల్యానికి మందని పేరు పెడితే గుండెకే చేటు.