కంచె అవతలి పొయ్యి

చెప్పుకోగా చెప్పుకోగా మిగిలిన మాట ఇది. ఎన్నేళ్ళ కిందటిదో ఎవరికీ తెలీదు. కొండ మీదికి బండిదారి పడకముందటిది, అంతవరకే తెలుసు.

ఒక కొండ ఉంది. ఆ కొండ నడుమ ఒక కనుమ ఉంది. ఆ కనుమ పక్కన ఒక ఊరు ఉంది. దాని పేరు మంచుమెట్ట. పుష్యమాసం వచ్చిందంటే ఆ ఊరికి సూర్యుడు మిట్టమధ్యాహ్నం దాకా మొహం చూపించడు. మంచు గుమ్మాల్లోకి వచ్చి కూర్చుంటుంది. పశువుల వీపుల మీద నీళ్ళు కారుతుంటాయి. మాట్లాడితే నోట్లోంచి పొగ వస్తుంది.

ఆ ఊళ్ళో దేముడమ్మ అని ఒక ముసలిది ఉండేది. ఆమెకి ఉన్నవి మూడే. ఊరి చివర ఒక గుడిసె, ఒక పెద్ద మట్టికుండ, అదే ఊళ్ళో ఇచ్చిన ఒక కూతురు. కూతురి పేరు గవరమ్మ. మొగుడు ఎప్పుడో పోయాడు. పెళ్ళిళ్ళకీ, చావులకీ వండిపెట్టడం దేముడమ్మ పని. పెళ్ళిలో వంటకత్తె ఎవరని ఎవరూ అడగరు, చావులో అసలే అడగరు. వండుతుంది, కుండ కడుక్కుంటుంది, ఇంటికి పోతుంది. అంతే ఆమె బతుకు.

చలికాలంలో మాత్రం ఆమె వంట ఊరంతటికీ తెలిసేది. వాసన అలాంటిది మరి. ఉలవలు వేయించి ఉడకబెట్టేది. చిక్కుడు గింజలు వేసేది. గుమ్మడికాయ తొక్కతోనే ముక్కలు కోసి పడేసేది. అల్లం, మిరియాలు దంచి కలిపేది. చింతపండు పిసికి పోసేది. చివర్న చోడిపిండి, అంటే రాగిపిండి, జారుగా కలిపి ఒంపితే, పులుసు గరిటెకి అంటుకునేటంత చిక్కబడేది. పులుసు ఉడికేలోపు, చోడిపిండిలో బెల్లం నీళ్ళు పోసి, నువ్వులు చల్లి, అరచేతిలో బిళ్ళలు తట్టి, అడ్డాకులో చుట్టి, పొయ్యి పక్కన వేడి బూడిదలో కప్పెట్టేది. తీసేటప్పటికి అవి కరకరలాడేవి. పులుసు ఇప్పటి ఆకలికి, బిళ్ళలు దారిలో ఆకలికి.

పొయ్యి మండుతుంది. పులుసు ఉడుకుతుంది. బిళ్ళలు కాలుతాయి. దేముడమ్మకి చలికాలమంతా అలాగే గడిచేది.

ఒక ఏడు గెడ్డ వాగు కింది ఊళ్ళలో జ్వరం పుట్టింది. మామూలు జ్వరం కాదు. పొద్దున దగ్గుతారు, సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతుంది, మర్నాటికి మనిషి ఉండడు. ఇంటికి ఇల్లే ఖాళీ అయిపోతోందని కబురొచ్చింది.

మంచుమెట్టకి పెద్ద జోగినాయుడు. కఠినుడే గానీ చెడ్డవాడు కాదు. అంతకుముందు ఒకసారి ఆ జ్వరమే వచ్చినప్పుడు తన ఇద్దరు కొడుకుల్నీ ఒకే పాడె మీద మోసినవాడు. అతను ఊరందరినీ పిలిచి కనుమ వైపు ముళ్ళకంచె కట్టించాడు. కట్టించి మూడు మాటలు చెప్పాడు.

"బయటోళ్ళు లోనికి రాకూడదు. లోనోళ్ళు బయటికెల్లకూడదు. ఎల్లినోళ్ళు మరి తిరిగి రాకూడదు."

ఊరంతా సరే అంది. దేముడమ్మా సరే అంది.

కంచెకి అందరికంటే దగ్గర ఆమె గుడిసే. ఒకరోజు పొద్దువాలే వేళ కంచె అవతల గొంతులు వినబడ్డాయి. ఒక ముసలాయన, ఒక ముసలామె.

"అమ్మా, కంచె తియ్యొద్దు. కాసిన్ని నిప్పులైనా ఇటు ఇసిరేయండమ్మా."

ఊళ్ళో ఎవరూ పలకలేదు. దేముడమ్మ పొయ్యి దగ్గరే ఉంది. పొయ్యి మండుతోంది. పులుసు ఉడుకుతోంది. బిళ్ళలు కాలుతున్నాయి. ఆమె లేచింది, కూర్చుంది. మళ్ళీ లేచింది, మళ్ళీ కూర్చుంది. మూడోసారి లేచి గుమ్మం దాకా వెళ్ళింది. నాయుడి మాట గుర్తొచ్చింది, కూతురి పిల్లలు గుర్తొచ్చారు. వెనక్కి వచ్చి రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చుంది.

కాసేపటికి గొంతులు ఆగిపోయాయి.

తెల్లారి మంచు విడిచాక చూస్తే ఇద్దరూ కంచెకి ఆనుకుని ఉన్నారు. ముసలాయన తన ఒంటి మీది గుడ్డంతా తీసి ముసలామెకి చుట్టాడు. ముసలామె తన రెండు చేతులూ అతని చెవుల మీద పెట్టి ఉంచింది. ఇద్దరూ బిగుసుకుపోయి ఉన్నారు.

ఊరివాళ్ళు పొడుగాటి వెదురుగడలతో వాళ్ళని పక్కకి నెట్టి, కంచె మీదుగా ఎండుకట్టెలు వేసి కాల్చేశారు. సాయంత్రం ఇవ్వని నిప్పు పొద్దున ఇచ్చారు.

దేముడమ్మ ఆ మంటని చూస్తూ నిలబడింది. ఇంటికొచ్చి పులుసు ఒంపుకుంది. ముద్ద నోట్లో పెట్టుకుంది. దిగలేదు.

మరికొన్నాళ్ళకి ఉప్పు మోసేవాళ్ళు ముగ్గురు వచ్చారు. కొండ దాటి పోవాలి. పెదాలు నీలంగా ఉన్నాయి. ఈసారి దేముడమ్మ కూర్చోలేదు. చిన్న ముంతలో పులుసు పోసి, బిళ్ళలు ఆకులో కట్టి, గడకి తగిలించి కంచె మీదుగా అవతల రాతి మీదకి దించింది.

వాళ్ళు వేడివేడిగా తాగారు. ఒకడికి కళ్ళల్లో నీళ్ళొచ్చాయి.

"నీ పేరేటమ్మా?"

"పేరెందుకురా నాయినా, సల్లారిపోద్ది. తినీసి ఎలిపోండి."

వాళ్ళు కొండ దాటిపోయారు. సంగతి జోగినాయుడికి తెలిసింది. వచ్చి గుడిసె ముందు నిలబడ్డాడు.

"ఏటే దేముడమ్మా, నా మాటంటే లెక్కనేదా?"

"కంచె దాటలేదు నాయుడూ. గడ దాటింది."

"ఆ ముంత మరి లోనికి తేకు."

"తేనులే. అక్కడే ఒగ్గీసినాను."

"నా కొడుకులెలా పోయినారో నీకు తెల్దా? నువ్వే కదే వొండినావు ఆ దినానికి!"

"నానే వొండినాను. మర్సిపోలేదు."

నాయుడు వెనక్కి తిరిగాడు. "గడతో పెడితే పెట్టు. నువ్వు దాటితే మాత్రం మరి రాలేవు. నా తల్లైనా అంతే," అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత చలిలో వాన పట్టింది. కొండ మీద వాన పడితే చలి ఎముకల్లోకి దిగుతుంది. ఆ వానలో ఒక ఊరికి ఊరే కనుమ ఎక్కి వచ్చింది. జ్వరానికి భయపడి ఇళ్ళు వదిలేసి వచ్చినవాళ్ళు. చంకల్లో పిల్లలు, నెత్తిన తడిసిన మూటలు. అరిచే ఓపిక కూడా లేదు. వచ్చి కంచె అవతల రాతిచరియ కింద కూలబడ్డారు. అక్కడక్కడా దగ్గు వినబడుతోంది.

ఒక ముంతకీ ఒక గడకీ అయ్యే పని కాదది. తడికట్టెలతో పొయ్యి వెలిగించే చెయ్యి కూడా వాళ్ళలో లేదు.

దేముడమ్మ పెద్దకుండ నెత్తికెత్తుకుంది. ఉలవల మూట, చోడిపిండి బుట్ట చంకన పెట్టుకుంది. ఒక పిడకలో నిప్పు పట్టుకుంది. కూతురు గవరమ్మ పరిగెత్తుకొచ్చి కొంగు పట్టుకుంది.

"అమ్మా! ఎల్లకే! ఎల్తే మరి రానీరే!"

"ఎరుకేనే."

"మరి నానేటవ్వాలి?"

"నీకు మొగుడున్నాడు, పిల్లలున్నారు, పొయ్యుంది. ఆళ్ళకి పొయ్యి నేదే. కొంగొగ్గీ."

గవరమ్మ వదల్లేదు. దేముడమ్మే ఒక్కొక్క వేలూ విప్పింది. కంచె దగ్గర జోగినాయుడు నిలబడి ఉన్నాడు. ఆమె అతని కళ్ళల్లోకి చూసింది.

"నానెల్తన్నాను నాయుడూ. ఎనక ముల్లు పెట్టీ."

నాయుడు ముళ్ళకంప కాస్త పక్కకి లాగాడు. ఆమె దాటాక మళ్ళీ పెట్టేశాడు. పెడుతుంటే ముళ్ళు గుచ్చుకుని అతని చేతి నిండా రక్తం.

రాతిచరియ కింద మూడు రాళ్ళు పెట్టింది దేముడమ్మ. పొయ్యి మండింది. పులుసు ఉడికింది. బిళ్ళలు కాలాయి. ఒక్కొక్కరికీ దొప్పలో పోసి ఇచ్చింది. ఎవరిది ఏ ఊరో, ఏ కులమో అడగలేదు. ఎవరు దగ్గుతున్నారో కూడా చూడలేదు.

ఆ గుంపులో నూకాలు అని ఒక పడుచుపిల్ల ఉంది. కాళ్ళు నెత్తురు కారుతున్నా వీపు మీద అత్తగారిని మోసుకొచ్చింది. ఇంకా దించలేదు.

"ముందు మాయత్తకి పొయ్యమ్మా. పొద్దున్నించీ మాటాడ్డం నేదు. ఆకలేమో."

దేముడమ్మ దొప్ప పట్టుకుని ముసలామె మొహం దగ్గరికి వంగింది. వంగి అలాగే ఉండిపోయింది. తర్వాత దొప్ప నూకాలు చేతిలో పెట్టింది.

"నువ్వు తాగమ్మా ముందు."

"మాయత్తకి..."

"మీ అత్త తినీసింది. ఆవిడకి మరి ఆకల్నేదు. నువ్వు తాగు."

నూకాలుకి అర్థమైంది. ఏడవలేదు. వీపు మీద అత్తని అలాగే ఉంచుకుని దొప్పెడు పులుసూ తాగింది. తాగాక ఏడ్చింది. ఏడ్చి, లేచి కట్టెలు ఏరడానికి వెళ్ళింది. అప్పటినుంచి దేముడమ్మ పక్క వదల్లేదు.

రోజులు గడిచాయి. జ్వరం తన పని తను చేసుకుపోయింది. ఒకరోజు పసిబిడ్డ, ఒకరోజు ఆ బిడ్డ తండ్రి. పోయినవాళ్ళని కాల్చే మంట ఒకపక్క, పులుసు ఉడికే మంట ఒకపక్క. కట్టెలు రెండింటికీ చాలేవి కావు. ఉలవలు అయిపోయాయి. గుమ్మడికాయలు అయిపోయాయి. చోడిపిండి బుట్ట అడుగు కనబడింది.

అప్పుడు కంచె మీదుగా ఒక మూట వచ్చి పడింది. గవరమ్మ విసిరిన చిక్కుడు గింజలు. మర్నాడు ఇంకో ఇంటి నుంచి ఉలవలు. ఆ మర్నాడు ఇంకో ఇంటి నుంచి అల్లం. ఎవరు విసిరారో ఎవరూ చెప్పుకోలేదు. ఒక పొద్దున్న మంచు విడిచేసరికి ముళ్ళు తొలగించి అవతలికి నెట్టిన నిండు గోనెడు చోళ్ళు కంచె పక్కన ఉన్నాయి. దాని మీద రక్తపు వేలిముద్రలు ఉన్నాయి. అది ఎవరి గోనో మాత్రం ఊరందరికీ తెలిసింది.

దగ్గు తగ్గుతూ వచ్చింది. తిన్నవాళ్ళు లేచి నడుస్తున్నారు. అందరూ బతకలేదు. సగానికి సగం పోయారు. మిగిలిన సగం ఆ పొయ్యి చుట్టూ మిగిలింది.

అప్పుడు దేముడమ్మ దగ్గింది.

గవరమ్మ వెళ్ళి జోగినాయుడి కాళ్ళ మీద పడింది. నాయుడు ఆమెని లేపాడు. తానే కంచె దగ్గరికి వచ్చి ముళ్ళకంప లాగేశాడు.

"దేముడమ్మా! తప్పయిపోనాది. ఇంటికి రాయే!"

దేముడమ్మ పొయ్యికి ఆనుకుని కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా కాలుతున్నాయి.

"నీ మాట ఒకపాలి కాదన్నాను నాయుడూ. ఇప్పుడు కాదన్లేను. నాను దాటితే నీ ఊళ్ళో పొయ్యిలు ఆరిపోతాయి. ముల్లు పెట్టీ."

"నేదే, రాయే!"

"నీ కొడుకుల దినానికి వొండిన చెయ్యి ఇది. ఇంకొకల దినానికి వొండించకు. పెట్టీ."

జోగినాయుడు కంప మళ్ళీ పెట్టాడు. పెట్టి అక్కడే చతికిలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఒక పొద్దున్న గవరమ్మ కంచె ఇవతల నిలబడి పిలిచింది. "అమ్మా!"

"ఉన్నానే. పులుసు ఉడుకుతోంది," అంది దేముడమ్మ.

రెండో పొద్దున్న పిలిచింది. "అమ్మా!"

"ఉన్నానే," అంది. అంతే అంది.

మూడో పొద్దున్న మంచు మరీ దట్టంగా ఉంది. కంచె అవతల ఏమీ కనబడలేదు. గవరమ్మ పిలిచింది. "అమ్మా!"

పలుకు లేదు. ఊరంతా కంచె దగ్గర చేరింది. అప్పుడు మంచులోంచి ఒక గొంతు వచ్చింది. దేముడమ్మ గొంతు కాదు, నూకాలుది.

"నానున్నానక్కా. పొయ్యి ఆరనేదు."

దేముడమ్మని పరాయివాళ్ళే మోశారు, పరాయివాళ్ళే కాల్చారు. సొంత కూతురు ఇవతలి నుంచి పొగ చూసింది. చితి ఆరాక కూడా నూకాలు వంట మాననేలేదు. చలి విరిగి, ఎండ వచ్చి, ఆఖరి దగ్గు కూడా ఆగిపోయాక, జోగినాయుడు కంచె పీకించాడు. మంచుమెట్టలో ఆ ఏడు ఒక్కరికి కూడా జ్వరం రాలేదు. మిగిలినవాళ్ళలో కొందరు కొండ దాటిపోయారు. కొందరు రాతిచరియ కిందే ఇళ్ళు కట్టుకున్నారు. నూకాలు అక్కడే ముసలిదై అక్కడే పోయింది.

ఇప్పటికీ పుష్యమాసంలో మంచు బాగా పట్టిన ఒక పొద్దున్న మంచుమెట్టలో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగించరు. ఇంటికో గుప్పెడు ఉలవలు, గుప్పెడు గింజలు, గుప్పెడు చోడిపిండి పట్టుకుని రాతిచరియ కిందికి వెళతారు. ఒక ఆడమనిషి అందరికీ కలిపి వండుతుంది. పులుసు ఉడికాక, ఆ మనిషి కూతురో కోడలో ఊరి వైపు నిలబడి "అమ్మా!" అని మూడుసార్లు పిలుస్తుంది. రెండు పిలుపులకి వండే మనిషి పలుకుతుంది. మూడో పిలుపుకి పలకదు. ఊరివాళ్ళెవరూ పలకకూడదు. ఆ పిలుపుకి పరాయివాళ్ళే పలకాలి. కనుమ దాటి పోయే సంతవాళ్ళో, మేకలవాళ్ళో, దారి తప్పినవాళ్ళో ఎవరో ఒకరు "ఉన్నాను" అనాలి. మొదటి దొప్ప వాళ్ళకే పోస్తారు. పేరు అడగరు.

ఒక్కో ఏడు ఆ పొద్దున్న దారిలో ఎవరూ రారు. అప్పుడు ఊరంతా ఆకలితో కూర్చుంటుంది. పిల్లలు ఏడుస్తారు, ముసలివాళ్ళు వణుకుతారు. పొయ్యిలో కట్టెలు ఎగదోస్తూ, పులుసు అడుగంటకుండా నీళ్ళు పోస్తూ, అందరూ కనుమ వైపే చూస్తుంటారు. ఎవరో ఒక పరాయి మనిషి వచ్చి పలికేదాకా ఆ ఊళ్ళో ఒక్కరు కూడా ముద్ద ముట్టరు.