ఏడుసార్లు పలికే కొండ

ఒక ఊరి పక్కన ఒక కొండ ఉండేది. దాని ఎదురుగా నిలబడి ఏం అరిచినా ఏడుసార్లు తిరిగి పలికేది.

కొండ మొదటి నుంచీ అక్కడే ఉంది. అది పలుకుతుందని ఒక గొర్రెల కాపరి కనిపెట్టేదాకా మాత్రం ఊరివాళ్ళ కబుర్లన్నీ విస్తళ్ళ అవ్వ అరుగు మీదే సాగేవి. అవ్వ మోదుగాకులు పుల్లలతో కుడుతూ కూర్చునేది. ఎదురుగా ఎవరో ఒకరు చేరి చెప్పుకుంటూ పోయేవారు. కోడలి మీద కోపం, తప్పిపోయిన దూడ, పండని చేను, ఏది చెప్పినా అవ్వ "ఊ" కొట్టేది. ఎంత బాగుండేవో ఆ మధ్యాహ్నాలు. తలుచుకుంటే ఇప్పటికీ మోదుగాకుల వాసన వస్తుంది.

కొండ సంగతి తెలిశాక అరుగు ఖాళీ అయింది. అవ్వ ఒక్క "ఊ"తో సరిపెడుతుంది, కొండ మన మాటనే ఏడుసార్లు అంటుంది. ఎవరికైనా ఏది నచ్చుతుంది? పొద్దున్నే ఊరంతా అక్కడ చేరేది. గోరంత మాట కొండంతై తిరిగొచ్చేది. పక్కవాడి అరుపును మించాలని ఒక్కొక్కరూ ఇంకాస్త గట్టిగా అరిచేవారు.

ఈ వింత రాజుగారి చెవిన పడింది. కొండ మనుషుల్ని ఏం చేస్తోందో తేల్చమని రాజధాని పండితుల్ని పంపాడు. మొదటి ఏడాది వచ్చినవాళ్ళు తలలు లెక్కపెట్టి, కొండ మనుషుల్ని కలుపుతోందని రాశారు. మూడో ఏడు వచ్చినవాళ్ళు కన్నీళ్ళు లెక్కపెట్టి, కొండ దిగులు పుట్టిస్తోందని రాశారు. ఇక ఆపైన అందరూ కన్నీళ్ళే లెక్కపెట్టారు, నలుగురితో నారాయణ అని. కొన్నాళ్ళకి ఊరికి రావడమే మానేసి, ఎవరు ఏ ఏడు ఏం లెక్కపెట్టారో రాజధానిలో కూర్చుని లెక్కపెట్టసాగారు. ఒక్క నియమం మాత్రం ఎవరూ మార్చలేదు. దేనితోపాటైనా, ఎవరు రోజుకెన్ని మాటలు మాట్లాడారో కూడా లెక్కపెట్టాలి. దగ్గు, తుమ్ము, ఆవలింత, ఊకొట్టడం లెక్కలోకి రావు.

పదో ఏడు మళ్ళీ ఊరికి వచ్చిన ఒకే ఒక్క పండితుడు ఆ ఊళ్ళో పుట్టినవాడే. మాటకో ముడి చొప్పున దారానికి ముడులు వేసి లెక్కపెట్టేవాడు. వచ్చిన రోజే కొండ ముందు తన చిన్ననాటి స్నేహితుడు కనబడ్డాడు. అతనొక నేతగాడు. కిందటేడు భార్య పోయింది. అప్పటినుంచి రోజూ వచ్చి ఆమె పేరు పెట్టి అరుస్తున్నాడు. గొంతు పీలికలైపోయింది. ఇంకో పది రోజులు ఇలాగే అరిస్తే ఈ జన్మలో ఇక మాట రాదని వైద్యుడు చెప్పాడు.

"ఏడుసార్లు పలుకుతోంది కదరా, ఇంకేం కావాలి నీకు?" అన్నాడు పండితుడు.

"నేనన్నదే అంటోంది. తరవాతేమైందని అడగదు."

"మరెందుకు వస్తావు?"

"ఇంకెక్కడికి పోనురా?"

పండితుడు వెనుదిరిగాడు. బసకి వచ్చి, ఏదైనా ఉపాయం దొరుకుతుందేమోనని వెంట తెచ్చుకున్న పాత లెక్కల తాటాకు కట్టలన్నీ విప్పాడు. మొదటి ఏటి కట్టలో ఒక వరస దగ్గర ఆగిపోయాడు. "విస్తళ్ళ అవ్వ. రోజుకు మాట్లాడే మాటలు, సున్న" అని ఉంది.

అతనికి అమ్మమ్మ గుర్తొచ్చింది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ కథ చెప్పేది. "ఊ కొట్టరా, లేకపోతే కథ దారి తప్పుతుంది" అనేది. అది నిజమేననుకుని, రాకుమారుడు అడవిలో చిక్కుకుపోతాడేమోనని భయపడి, నోట్లో బెల్లంముక్క ఉన్నా ఊ కొట్టేవాడు.

అవ్వ ఇంకా అదే అరుగు మీద ఉంది. బాగా వడిలిపోయింది.

"రోజుకి ఎన్ని మాటలు మాట్లాడతావవ్వా?"

"నేను మాట్లాడేదేముంది నాయనా. చెప్పేవాళ్ళుంటే ఊ కొడతాను. ఇప్పుడెవరూ రావట్లేదు."

వెళ్ళబోయినవాడు కూర్చున్నాడు. అమ్మమ్మ సంగతి ఎత్తుకున్నాడు. "ఊ" అంది అవ్వ. పది విస్తళ్ళు అయ్యేసరికి, అమ్మమ్మ పోయినప్పుడు లెక్కల్లో పడి రాలేదని, ఇంతకాలం ఎవరికీ చెప్పనిది చెప్పేశాడు. లేచేటప్పటికి గుండె తేలికపడింది. చేతిలో దారానికి మాత్రం ఒక్క ముడి కూడా పడలేదు.

మర్నాడు కొండదారిలో నేతగాణ్ణి ఆపి, తీసుకొచ్చి అవ్వ అరుగు మీద కూర్చోబెట్టాడు.

"మెల్లిగా చెప్పు. మేమిక్కడే ఉన్నాం."

నేతగాడు అవ్వ పక్కనున్న మోదుగాకొకటి చేతిలోకి తీసుకున్నాడు. "పోగు తెగితే నన్ను తిట్టేది," అన్నాడు చివరికి.

"ఊ."

"తెంపేది తనే."

"ఊ," అన్నారు ఈసారి ఇద్దరూ.

ఆ రోజు అతను కొండకి వెళ్ళలేదు. తరవాత కూడా వెళ్ళలేదు. పదకొండో రోజున, ఇంటి ముందు నిలబడి పక్కింటివాళ్ళని నిప్పు అడిగాడు. గొంతు బొంగురుగా ఉన్నా మాట వచ్చింది.

పండితుడు రాజసభకి వెళ్ళి ముడులు లేని దారం సింహాసనం ముందు పెట్టాడు. తోటి పండితులు నవ్వారు. రాజు కనుబొమలెత్తాడు.

"కాస్త పొడుగు కథ ప్రభూ. ఒక ఊళ్ళో ఒక నేతగాడు..."

రాజుకి అలా ఎవరూ కథ చెప్పి ఎన్నేళ్ళయిందో. మెల్లిగా కిరీటం తీసి పక్కన పెట్టుకున్నాడు. గడ్డం కింద చెయ్యి ఆనించాడు. నేతగాడి భార్య పోగు తెంపిన చోట, తనకే తెలియకుండా "ఊ" అన్నాడు. అవ్వ అరుగు దగ్గరికి వచ్చేసరికి రాజు కళ్ళు చెమ్మగిల్లాయి. పొద్దు వాలేదాకా ఎవరూ లేవలేదు.

సభ ముగిశాక, పండితుల నియమం ప్రకారం ఆస్థాన లేఖకుడు ఆ రోజు తాటాకు రాసుకున్నాడు.

"ప్రభువులు నేడు పలికిన మాటలు, సున్న."