మాణిక్యం కోళ్లకి కొత్త గూడు

కాళ్లు ముడుచుకో తల్లీ, దుప్పటంతా నువ్వే లాక్కుంటే నేనేం కప్పుకోను? ఆఁ, ఇప్పుడు విను. మధ్యమధ్యలో ఊఁ కొట్టాలి. ఊఁ కొట్టకపోతే నా కథ ముందుకి నడవదు.

అనగనగా ఏటి పక్కన ఒక ఊళ్ళో గవరయ్య అని ఒకాయన ఉండేవాడు. ఆయన పెళ్లాం మాణిక్యం. వాళ్లకి ఒక్కతే కూతురు, సత్యవేణి. మాణిక్యానికి కోళ్లంటే ప్రాణం. పొద్దుగూకే వేళ అరుగు మీద నిలబడి పిలిచేది.

"బో బో బో... పొద్దుగూకె రారే, బో బో బో... ఇంటికి రారే!"

ఆ పిలుపు వింటే చాలు, ఎక్కడెక్కడి కోళ్లూ పెంటకుప్ప వదిలేసి, కంచె కింద దూరి పరుగెత్తుకొచ్చేవి. వాటి మీద పెద్ద వెదురుగంప బోర్లించి, పైన రాయి పెట్టేది.

ఆ తర్వాత మాణిక్యానికి జబ్బు చేసింది. పోయే ముందు మొగుడి చెయ్యి పట్టుకుని, "నా కోళ్లు జాగ్రత్త" అంది. ఇల్లు గురించి చెప్పలేదు, పొలం గురించి చెప్పలేదు. కోళ్ల గురించే చెప్పింది.

మాణిక్యం పోయాక ఆ పిలుపు ఆ ఇంట్లో ఎవరూ పిలవలేదు. గవరయ్య గొంతు బొంగురు, ఆయన పిలిస్తే కోళ్లు బెదిరి పారిపోయేవి. సత్యవేణిది అచ్చం తల్లి గొంతే. కానీ ఆ పిలుపు నోటిదాకా వచ్చేసరికి దానికి ఏడుపొచ్చేది. అందుకని గవరయ్య గుప్పెడు నూకలు జల్లేవాడు. అవి తినడానికి వచ్చినప్పుడు గంప మూసేవాడు.

ఒకనాడు బావురుపిల్లి వచ్చి, గంప దొర్లించేసి, మచ్చలపెట్టని ఎత్తుకుపోయింది. అప్పుడు గవరయ్య ఏం చేశాడు? మంచం తెచ్చి గంప పక్కనే వేసుకున్నాడు. అసలే చలికాలం. అరుగు మీద మంచు. నాలుగు రోజులకే దగ్గు పట్టుకుంది, ఊపిరాడని దగ్గు. "బయట పడుకుంటే ఈ చలికాలం దాటవు" అని డాక్టరుగారు మొహమ్మీదే చెప్పేశారు. వింటాడా? మొండివాడు రాజుకన్నా బలవంతుడు!

సత్యవేణికి భయం పట్టుకుంది. అమ్మ పోయింది, ఇక నాన్న కూడా పోతే?

అప్పుడే ట్రాలీ ఆటో మీద కోళ్లగూళ్లు అమ్మే కుర్రాడొచ్చాడు. రెడీమేడ్ గూడు తల్లీ! ఇనప కాళ్లు, గట్టి జాలీ, పైన రేకు, ఎక్కడానికి చిన్న నిచ్చెన, తలుపుకి గడియ. బావురుపిల్లి కాదు కదా, దాని ముత్తాతొచ్చినా లోపలికి దూరలేడు.

"కొందాం నాన్నా. ఈ ఏడు మనిద్దరికీ కొత్త బట్టలొద్దు" అంది సత్యవేణి.

"మీ అమ్మ కోళ్లని చూసుకోమని నాకు చెప్పింది గాని, రేకు డబ్బాకి చెప్పలేదు" అన్నాడు గవరయ్య.

ఎదురింటావిడ ఊరుకుంటుందా! "కోడికి మేడ కడుతున్నారా? రేపు ఫ్యాను కూడా పెట్టిస్తారేమో!" అంది.

కుర్రాడు మంచివాడు. "మూడు రాత్రులు ఉంచుకోండి. నచ్చితే కొనండి, లేకపోతే పట్టుకుపోతాను" అని గూడు దింపి వెళ్లాడు.

మొదటి సాయంత్రం కోళ్లు కొత్త రంగు వాసన చూసి, మెడలు సాచి, దూరంగా నిలబడ్డాయి. ఒక్కటీ నిచ్చెన ఎక్కలేదు. చక్కా వెళ్లి పాత గంప దగ్గరే కూర్చున్నాయి. గవరయ్యకి లోపల్లోపల సంతోషం. ఆ రాత్రీ అరుగు మీదే పడుకున్నాడు, ఆ రాత్రీ దగ్గాడు.

రెండో సాయంత్రం కూతురి పోరు పడలేక, ఒక్కొక్క కోడినీ పట్టుకుని గూట్లో పెట్టి గడియ వేశాడు. బుద్ధిగా లోపలికెళ్లి పడుకున్నాడు. తెల్లారి సత్యవేణి లేచి చూస్తే పక్క ఖాళీ! బయటికి పరుగెత్తింది. గూటి పక్కన వట్టి నేల మీద, తలకి తువ్వాలు చుట్టుకుని, ముడుచుకుని పడుకున్నాడు తండ్రి. తువ్వాలు మంచుకి తడిసిపోయింది.

"ఏంటి నాన్నా ఇది! అమ్మ కోళ్లని చూడమంది గాని నిన్ను చచ్చిపొమ్మందా?" అని బావురుమంది.

గవరయ్య చాలాసేపు దగ్గి, అప్పుడన్నాడు. "గడియ వేశాను గాని మనసు ఊరుకోలేదమ్మా. పట్టుకొచ్చి జైల్లో పెట్టినట్టుంది. మీ అమ్మ ఎప్పుడూ పట్టుకుని పెట్టలేదు. పిలిస్తే అవే వచ్చేవి."

ఆ రోజంతా ఏ పని చేస్తున్నా సత్యవేణి ఆ మాటే ఆలోచించింది.

మూడో సాయంత్రం వచ్చింది. పొద్దున్నే కుర్రాడొచ్చేస్తాడు. గవరయ్య అప్పుడే అరుగు మీద మంచం వాల్చేశాడు. సత్యవేణి గూట్లో నూకలు జల్లింది. కోళ్లు చూశాయి, రాలేదు. అప్పుడు సత్యవేణి గూటి పక్కన నిలబడింది. కళ్లు తుడుచుకుంది. నోరు తెరిచింది.

"బో బో బో... పొద్దుగూకె రారే..."

గొంతు వణికింది. అయినా ఆపలేదు.

"బో బో బో... ఇంటికి రారే!"

ముసలి నల్లపెట్ట తలెత్తింది. దానికి తెలుసు ఆ పిలుపు. రెక్కలు కొట్టుకుంటూ వచ్చి, గబగబా నిచ్చెనెక్కి లోపలికి దూరింది. దాని వెనక మిగతావి, వాటి వెనక పిల్లలు, అన్నిటికన్నా ఆఖర్న పుంజుగారు.

గవరయ్య మంచం మీంచి దిగ్గున లేచాడు. కోళ్లని చూడలేదు తల్లీ. వంటింటి గుమ్మం వైపు చూశాడు, మాణిక్యం వచ్చిందేమోనని. ఆ తర్వాత కూతుర్ని చూశాడు. కళ్లమ్మట నీళ్లు కారిపోతుంటే వెళ్లి, తన చేత్తోనే మెల్లగా గడియ వేశాడు. మంచం ఎత్తి లోపల వేసుకున్నాడు.

"పొద్దున్న ఆ అబ్బాయికి చెప్పమ్మా, గూడు ఉంచెయ్యమని" అన్నాడు.

అంతే. గూడు కొన్నారు. దగ్గు తగ్గింది. కోళ్లు కూడా కొన్నాళ్లకే అలవాటుపడి, ఎవరూ పిలవకుండానే వేళకి గూట్లోకి వెళ్లిపోయేవి.

అయినా రోజూ పొద్దుగూకేసరికి గవరయ్య అరుగు మీద కూర్చుని, "ఏమ్మా, కోళ్లని పిలవలేదేం?" అనేవాడు. కోళ్లన్నీ అప్పటికే గూట్లో ఉన్నాయని ఆయనకీ తెలుసు, దానికీ తెలుసు. అయినా సత్యవేణి చేతిలో పని వదిలేసి, బయటికొచ్చి పిలిచేది.

ఊఁ కొట్టవేం? నిద్దరొచ్చేసిందా? సరే అయితే.

బో బో బో, పొద్దుగూకె,
కోడి వెళ్లె గూటికి,
కథ వెళ్లె కంచికి,
నువ్వూ నేనూ నిద్దరకి.