గురివింద గింజల కుండ

అనగా అనగా, రాజులు కూడా ఆట చూడాలంటే నేల మీదే చాప పరుచుకుని కూర్చునే కాలంలో, మణిగిరి అనే నగరం ఉండేది. ఆ నగరాన్ని కీర్తిసేనుడనే రాజు పాలించేవాడు.

మణిగిరిలో ఆడపిల్లలు ఆడే బంతాట మహా ప్రసిద్ధి. ఒక పిల్ల బంతి విసురుతుంది. ఎదుటి జట్టు పిల్ల దాన్ని కర్రతో కొట్టి పరుగందుకుంటుంది. నాలుగు గుంజలూ చుట్టి వస్తే ఒక పరుగు. ఈలోగా విసిరిన పిల్ల వెనక నిలబడ్డవాళ్ళు బంతిని గాలిలోనే పట్టుకున్నా, పరుగెత్తే పిల్లకంటే ముందు గుంజకు చేర్చినా, ఆ పిల్ల ఆట అయిపోయినట్టే.

తూర్పువాడ జట్టులో బంతి విసిరేది పైడి. పన్నెండేళ్ళ పిల్ల. జొన్నచేలో మంచె మీద నిలబడి, చిలకల గుంపు మీదికి మట్టిబెడ్డలు విసిరి విసిరి గురి కుదిరిన చేయి. కిందనుంచి ఒక్క ఊపు ఊపి వదిలిందంటే, బంతి ఎటు వంగుతుందో కర్ర పట్టినవాళ్ళకు అంతు చిక్కేది కాదు.

ఆ నగరంలో ఒక ఆచారం ఉండేది. ఎదుటివాళ్ళు తీసిన ప్రతి పరుగుకూ, బంతి విసిరిన పిల్ల పేరు మీద ఉన్న కుండలో ఒక గురివింద గింజ వేస్తారు. ఆటల పండుగ ముగిసేనాటికి ఎవరి కుండలో గింజలు తక్కువో ఆ పిల్ల పొరుగు రాజ్యంతో జరిగే పోటీలో బంతి విసురుతుంది. ఎవరి కుండలో ఎక్కువో ఆ పిల్ల తన బంతిని రాజుగారి ముందు పెట్టేయాలి, ఇక జన్మలో బంతి విసరకూడదు.

ఆ ఏడు పండుగలో తూర్పువాడ మూడు ఆటలు ఆడింది.

మొదటి ఆటలో పైడి విసిరిన బంతి కర్ర అంచుకు తగిలి, దూదిపింజలా మెల్లగా పైకి లేచింది. దాని కింద నిలబడ్డ ముత్యాలు అనే పిల్ల అప్పుడే వచ్చిన గాజులమ్మే ఆవిడ వైపు చూస్తోంది. బంతి ముత్యాలు కాలి పక్కనే పడింది. పరుగు వచ్చింది. పైడి కుండలో గింజ పడింది.

రెండో ఆటలో బంతి ఇద్దరు పిల్లల నడుమకు వెళ్ళింది. ఇద్దరూ ఆగిపోయారు.

"నువ్వు పడతావనుకున్నానే!"

"నువ్వే పడతావని నేను ఊరుకున్నా!"

వాళ్ళు వాదులాడుకుంటూ ఉండగానే పరుగు వచ్చింది. పైడి కుండలో గింజ పడింది.

మూడో ఆటలో బంతిని చక్కగానే పట్టారు. కానీ కంగారులో గుంజ దాటించి జనంలోకి విసిరేశారు. గుంజల దగ్గర ఆగి ఉన్న ఎదుటి జట్టు పిల్లలు ఒకరి వెనక ఒకరు పరుగెత్తి వచ్చారు. గింజలన్నీ పైడి కుండలోకే వెళ్ళాయి.

"తూర్పువాడ పిల్ల చేతిలో పస లేదు," అన్నారు జనం. చివరికి ముత్యాలు కూడా, "ఏమే పైడీ, కాస్త గట్టిగా విసరొచ్చు కదా!" అంది. గురివింద గింజ తన కింద నలుపెరగదని పెద్దలు ఊరికే అన్నారా!

ఆ సాయంత్రం తల్లి ఆముదం వెచ్చచేసి పైడి భుజానికి రాస్తూ, "చెయ్యి నొప్పా తల్లీ?" అని అడిగింది.

"చెయ్యి కాదమ్మా. నేను బాగానే వేశాననిపిస్తుంది. కుండ చూస్తే నిండి ఉంది. ఏది నిజమో నాకే తెలియడం లేదు." అంతవరకూ ఆపుకున్న ఏడుపు అప్పుడు తన్నుకొచ్చింది.

"కుండకు నోరే గానీ కళ్ళు లేవమ్మా," అంది తల్లి. "కళ్ళున్నవాళ్ళెవరో చూసే ఉంటారు. పడుకో."

మర్నాడు మైదానంలో రాజు ముందు కుండలన్నీ వరసగా పెట్టారు. అన్నిటికన్నా నిండుగా ఉన్నది పైడిది. దాదాపు ఖాళీగా ఉన్నది పడమటివాడ చారుమతిది. చారుమతి ధనగుప్తుడనే వర్తకుడి కూతురు.

పైడి బంతిని రాజు ముందు పెట్టింది. మంచె మీద నిలబడ్డ రోజులన్నీ ఆ బంతితో పాటే చేజారినట్టనిపించింది.

రాజు ముత్యాలహారం తీసి, "రావమ్మా చారుమతీ! మణిగిరి బంతి ఇక నీది," అన్నాడు.

చారుమతి ముందుకు వచ్చింది గానీ మెడ వంచలేదు. "మహారాజా, ఈ హారం నా ఒక్కదాని మెడలో పడితే అబద్ధమాడినట్టవుతుంది," అంది.

ధనగుప్తుడు గుడ్లురిమి, "నోరు మూసుకో పిల్లా!" అని గొణిగాడు.

చారుమతి ఆగలేదు. "నా బంతిని కొట్టనివాళ్ళు లేరు ప్రభూ. నా వెనకవాళ్ళు దాన్ని నేల తాకనివ్వలేదు, అంతే. పైడి బంతి నా బంతికన్నా చురుకు. నమ్మకపోతే ఒక్క పూట మా ఇద్దరినీ అటూ ఇటూ మార్చి చూడండి."

జనంలో గుసగుసలు లేచాయి. రాజు, "సరే, అదీ చూద్దాం," అన్నాడు. కుండలు రెండూ బోర్లించి ఖాళీ చేయించాడు.

ముందు చారుమతి తూర్పువాడ జట్టుతో నిలబడింది. అవే చేతులు, అవే తప్పులు. ఒక బంతి జారింది, ఒకటి ఇద్దరి మధ్య పడింది, ఒకటి గుంజ దాటిపోయింది. చారుమతి కుండలో గింజలు చిటపటా రాలాయి.

తరువాత పైడి పడమటివాడ జట్టుతో నిలబడింది. మొదటి బంతిని కొట్టారు. పైడి కళ్ళు మూసుకుంది. తెరిచేసరికి బంతి ఒక పిల్ల దోసిట్లో ఉంది! రెండోదాన్ని దొర్లుతుండగానే ఆపి గుంజకు చేర్చారు. మూడోదాన్ని కర్ర అందుకోనేలేదు. ఆట ముగిసేసరికి పైడి కుండ అడుగు కనిపిస్తూనే ఉంది.

పైడి ఉన్నచోటనే నేల మీద కూలబడింది. భుజాల మీద నుంచి బస్తా దించినట్టయింది. "నా చెయ్యి మంచిదేనమ్మా!" అని జనంలో ఉన్న తల్లికి వినబడేలా అరిచింది. తల్లి కొంగుతో కళ్ళొత్తుకుంది.

రాజు లేచి నిలబడ్డాడు. "తప్పు కుండది కాదు, కుండ తప్ప మరేమీ చూడని నాది. ఇకమీదట చేజారి వచ్చిన పరుగులకు జట్టు పేరున వేరే కుండ పెట్టండి. పైడీ, పోటీకి నువ్వే వెళ్ళు. పడమటివాళ్ళను వెంటబెట్టుకుపో."

అప్పుడు ముత్యాలు తల వంచుకుని వచ్చింది. "పైడీ, ఆ రోజు బంతి వదిలేసింది నేనే. పైగా నిన్నే అన్నాను," అని భోరుమంది.

పైడికి కోపం రాకపోలేదు. నిజానికి, పడమటివాళ్ళతో హాయిగా వెళ్ళిపోదామనే అనిపించింది. కానీ ముత్యాలు ఏడుపు చూస్తే, నిన్నటి తన ఏడుపు గుర్తొచ్చింది.

"మహారాజా, మా వాళ్ళతోనే వెళ్తాను," అంది. తరువాత చారుమతి వైపు తిరిగి, "అక్కా, మీరు పట్టే పద్ధతి మాకూ నేర్పుతావా?" అని అడిగింది.

చారుమతి నవ్వింది. "బంతి లేవగానే 'నాది' అని అరవాలి. అరిచినవాళ్ళు వదలకూడదు, మిగిలినవాళ్ళు అడ్డురాకూడదు. అంతేనే! రేపు పొద్దున్నే రండి. నేనూ మీ వెనకే నిలబడతాను."

రోజూ ఎండ ఎక్కేదాకా పట్టారు, జార్చారు, మళ్ళీ పట్టారు.

పోటీనాడు పొరుగు రాజ్యం పిల్లలు గట్టిగానే కొట్టారు. బంతి లేచినప్పుడల్లా వెనకనుంచి "నాది!" అని కేక వినిపించేది. పైడి ఇప్పుడు కళ్ళు మూసుకోవడం లేదు. అలసిపోయేలా విసరడమూ లేదు. కొడితే కొట్టనీ, వెనక మనవాళ్ళున్నారు కదా అన్న ధీమాతో చేయి తేలిగ్గా ఆడింది.

చివర్లో ఒక పిల్ల కొట్టిన బంతి అందరి తలల మీదుగా చెరువు దాకా పోయింది. గింజలు వేసే భటుడు ఏ కుండలో వెయ్యాలో తోచక అటూ ఇటూ చూశాడు.

"నాదేనయ్యా, నా కుండలోనే వెయ్యి! ఆ పిల్ల భలే కొట్టింది," అని పైడి పకపకా నవ్వింది.

అయినా మణిగిరే గెలిచింది.

కాబట్టి పిల్లలూ, విసిరిన చేతిని మెచ్చుకోవాలన్నా తప్పుపట్టాలన్నా, దాని వెనక పట్టే చేతులను కూడా చూసి తీర్పు చెప్పాలి.