పోతయ్య పేరున నూట పన్నెండు ముడులు

చిన్న కథ చెప్తాను. పొయ్యి మీద పాలు పొంగేలోపు అయిపోతుంది.

అనగా అనగా, మా ముత్తవ్వకు ఇంకా పాలపళ్లు రాని కాలంలో, మందారగిరి అని ఒక రాజ్యం ఉండేది. అక్కడి జనం మంచివాళ్లే. ఒకరు చెప్పింది ఒకరు వినరు, అంతే. అక్కడ ఒకావిడ చుట్టాలను భోజనానికి పిలిచి, తానే వాళ్లింటికి భోజనానికి వెళ్లింది. ఆ సంగతి వేరు. పాలు చూసుకోవాలి.

రాజు చిత్రవర్మకు మోకాలి నొప్పి. వైద్యశాలలో సోమేశ్వర భట్టు ఒక కషాయం, ఒక తైలం ఇచ్చి, ఏది ఎలా వాడాలో పద్యంలో చెప్పాడు. పద్యం చాలా బాగుంది. రాజు తల ఊపాడు. మూడు రోజులు తైలం తాగి, కషాయం మోకాలికి రాసుకున్నాడు. నాలుగో రోజు సభకు రాలేదు. ఎందుకు రాలేదో చెప్పను, పిల్లలు వింటున్నారు.

కోలుకున్నాక ఆయనకు సందేహం వచ్చింది.

"రోగితో ఎలా మాట్లాడాలో మన వైద్యశాలలో ముగ్గురు వైద్యులూ గ్రంథాలు రాశారు కదా. మరి నాకెందుకు అర్థం కాలేదు?"

భట్టు గ్రంథం పన్నెండు అధ్యాయాలు. త్రిలోచన పండితుడిది పద్నాలుగు. భట్టు కన్నా రెండు ఎక్కువ ఉండాలనే రాశాడని అంటారు, నేనైతే అనను. మూడో ఆమె నాంచారమ్మ. ఆమె గ్రంథం ఒకే తాటాకు. అందులో ఒకే మాట: "మందు ఇచ్చాక, ఎలా వాడాలో రోగి చేతనే తిరిగి చెప్పించుకో."

"మూడింటిలో ఏది గొప్పదో తేల్చండి," అన్నాడు రాజు.

మంత్రి తేల్చే దారి చెప్పాడు. రాజ్యంలో నూట పన్నెండు ఊళ్లు, ఊరికో వైద్యుడు. రోగులతో ఎలా మాట్లాడుతున్నాడో ప్రతి వైద్యుడూ ఒక తాటాకు రాసి పంపాలి. పేరుకో తాడు. తాటాకులో ఎవరి పేరు కనిపిస్తే వారి తాడుకు ఒక ముడి. ఎక్కువ ముడులు ఎవరివైతే వైద్యశాల వారిది. మిగతావాళ్లు ఊరు విడిచి పోవాలి.

"మూడూ చదివి చూస్తే తెలియదా?" అన్నాడు రాజు.

"చదవడం కష్టం ప్రభూ. ముడి వేయడం తేలిక."

ఆ పూట నాంచారమ్మ అన్నం ముట్టలేదు. ఆమె వసారాలో పద్దెనిమిది మంది రోగులు పడుకుని ఉన్నారు. "నన్ను పంపేస్తే వీళ్ల గతేమిటి?" అంది.

"కాస్త పెద్ద గ్రంథం రాయాల్సిందమ్మా," అన్నాడు భట్టు.

"పోనీ, రెండు తాటాకులైనా," అన్నాడు త్రిలోచనుడు. ఆ ఇద్దరూ ఒక మాట మీద ఉండటం అదే మొదటిసారి.

దండోరా వేసే పోతయ్య రెండు నెలలు తిరిగి, ఊరూరా ఆజ్ఞ చాటి, తాటాకులు మోసుకొచ్చాడు. లేఖకుడు అవి చదివి ముడులు వేసి, తాళ్లు సభలో చూపించాడు.

భట్టు తాడుకు నలభై ముడులు. నలభై మందీ ఆయన శిష్యులే. "మా గురువు భట్టుగారు సెలవిచ్చినట్టు" అని రాశారు. ఏం సెలవిచ్చారో ఒక్కడూ రాయలేదు.

త్రిలోచనుడి తాడుకు అరవై. అన్నింటిలోనూ "త్రిలోచనుడు చెప్పింది శుద్ధ తప్పు" అని ఉంది. ఆయన మాత్రం మీసం దువ్వుకున్నాడు.

"తిట్టినా ముడేనా?" అన్నాడు రాజు.

"ముడి ముడే ప్రభూ," అన్నాడు మంత్రి.

నాంచారమ్మ తాడు నున్నగా ఉంది. ఆమె చెప్పిన పద్ధతి మాత్రం దాదాపు ప్రతి తాటాకులోనూ ఉంది. పక్కన "ఇది అందరికీ తెలిసిందే" అని రాసి ఉంది.

"అందరూ చేసే పనికి ఎవరి తాడుకు ముడి వేయాలి?"

"అలా అడిగితే లెక్క పాడవుతుంది ప్రభూ."

రాజు తల పట్టుకున్నాడు. అప్పుడు లేఖకుడు నాలుగో తాడు తీశాడు. అది ఎత్తలేనంత బరువుంది. ఆ రాజ్యంలో ఆజ్ఞకు జవాబు రాసేవాళ్లు, దాన్ని తెచ్చినవాడి పేరుతో మొదలుపెట్టాలి. అది ఆచారం. ప్రతి తాటాకూ "పోతయ్య చాటగా విని రాసినది" అనే మొదలైంది.

"నూట పన్నెండు," అన్నాడు లేఖకుడు. "పేరు కనిపిస్తే ముడి వేయమన్నారు. వేశాను."

పోతయ్య డప్పు కింద పెట్టాడు. "నాకు కషాయానికీ చారుకీ తేడా తెలీదు దొరా. నాకెందుకు వైద్యశాల?"

"రాజు మాట వెనక్కి పోదయ్యా," అన్నాడు రాజు. ఆయన మొహం చూస్తే, పోతే బాగుండునన్నట్టే ఉంది.

పోతయ్య డప్పు మళ్లీ చంకన పెట్టుకున్నాడు. "వైద్యశాల నాదైతే అందులో ఎవరుండాలో నా ఇష్టం. నాంచారమ్మ తల్లి నాతో ఉండాలి. ఏ ఊళ్లో చూసినా వైద్యుడు మందిచ్చి, 'ఏం చెప్పానో చెప్పు' అంటున్నాడు. ఎక్కడ నేర్చావయ్యా అంటే, 'నాంచారమ్మ దగ్గరే' అన్నారు. మరి రాయలేదేమంటే, 'ఒక్క ముక్కకు పేరెందుకు' అన్నారు."

రాజు సరేనన్నాడు, నాంచారమ్మ ఉండిపోయింది. ఆమె రోగులు పద్దెనిమిది మందీ ఉన్నారు. భట్టూ త్రిలోచనుడూ ఊరు విడిచి వెళ్లి, ఈ అన్యాయం మీద చెరో గ్రంథం రాశారు. రెండింట్లోనూ మొదటి తాటాకు మీద ఉన్నది పోతయ్య పేరే.

పోతయ్య తనకు తెలిసిన పని చేశాడు. వైద్యశాల గుమ్మంలో కూర్చుని, మందు పట్టుకెళ్లే ప్రతివాణ్నీ ఆపి, అది ఎలా వాడాలో చెప్పమని అడిగాడు. మొదటి రోజే రాజుగారు కొత్త తైలంతో బయటికొచ్చారు.

"దొరా, ఇది తాగేదా, రాసుకునేదా?"

రాజు చాలాసేపు ఆలోచించి, "తాగేది," అన్నాడు.

పోతయ్య ఆయన్ను మళ్లీ లోపలికి పంపాడు.

పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. నీతి ఏమిటంటే: చెప్పినవారి పేరు ఎన్ని తాటాకులకెక్కిందో కాదు, చెప్పిన మాట విన్నవాడి బుర్రకెక్కిందో లేదో చూడాలి.