టకటక మానులో వాటా

ఏటి అవతలి అడవిలో పుట్టి, వరదలో కొట్టుకొచ్చి ఇవతలి గట్టున పడిన ఉడుత ఒకటి, ఇద్దరు పిల్లలతో బోలు మద్దిమాను పక్కన కాపురం పెట్టింది. ఇక్కడ దానికి చుట్టాలు లేరు. ఊరికే పలకరించేవాళ్ళూ లేరు.

ఆ మాను మీద వడ్రంగిపిట్ట ముక్కుతో కొడితే చప్పుడు ఏరు దాటి వినపడేది. ఆగి ఆగి కొడితే క్షేమం, ఆపకుండా కొడితే ఆపద. అవతలి గట్టు నుంచి ఇంకో పిట్ట బదులు కొట్టేది. అడవికంతా అదొక వింత. నక్క ఆ మాను మీద పెత్తనం తీసుకుని వాటాలు అమ్మడం మొదలుపెట్టింది.

"రేపు అడవులన్నీ కబుర్ల కోసం మన దగ్గరికే వస్తాయి. ఇవాళ దోసెడు గింజలు, రేపు గంపెడు!"

నిజంగానే ధర పెరిగింది. అందరూ ఎగబడ్డారు. రోజూ పొద్దున్నే ధర వినడానికి మాను కింద చేరేవాళ్ళు. ఉడుతతో ఎవరైనా మాట్లాడితే అక్కడే.

"ఏమక్కా, ఇంకా కొనలేదా?" అంది కుందేలు.

"వానాకాలానికి పిల్లలకి గింజలుండాలి కదా తమ్ముడూ."

"అందుకే కొనమనేది! ఇలా బిక్కుబిక్కుమంటూ ఉంటే మాలో ఎప్పుడు కలుస్తావు?"

ఆ సాయంత్రమే ఉడుత దాచుకున్న గింజల్లో సగం గంపకెత్తి, నక్క గుహలో పోసి వాటా కొనుక్కుంది.

మర్నాడు వడ్రంగిపిట్ట దగ్గరికి వెళ్ళి, "అన్నా, క్షేమంగా ఉన్నామని ఏటి అవతలున్న మా అమ్మకి కొట్టి చెప్పవూ?" అని అడిగింది.

"ఇప్పుడా? ధర చాటడానికే ముక్కు అరిగిపోతోంది. కబురు కొట్టి ఎన్నాళ్ళయిందో!"

"మరి అవతలి పిట్ట?"

"ఎదురుచూసి విసిగి, ఎటో ఎగిరిపోయింది."

ఉడుత ఆలోచనలో పడింది. మాను మంచిదే. కానీ దాన్ని కబురుకు వాడేవాళ్ళే లేరు. ఇంకొకరు ఎక్కువకు కొంటారన్న ఆశతోనే అందరూ కొన్నారు. ఆ ఇంకొకరు అయిపోతే? కొత్తగా వచ్చిన ఎలుక ఒకటే కొనకుండా మిగిలింది. వాటా ఉంటే ఇమ్మని బతిమాలుతోంది కూడా. కానీ ఎలుకకీ పిల్లలున్నారు. దానికి అంటగట్టడానికి ఉడుతకు మనసొప్పలేదు.

మరుసటి పొద్దున మాను కింద అందరూ ఉండగా అడిగింది. "నక్క బావా, రేపు ధర పెరుగుతుందా?"

"ఆకాశానికి అంటుతుంది!"

"అయితే నా వాటా నువ్వే తీసుకో. ఇవాల్టి ధర కూడా వద్దు, నేను పోసిన గంపెడే ఇయ్యి. పెరిగేదంతా నీదే."

నక్క మూతి నాక్కుంది. "నాకెందుకమ్మా? నీ పిల్లల కోసం ఉంచుకో."

"నా పిల్లల సంగతి సరే, పెరిగేదాన్ని నువ్వు వద్దంటావేం?"

ఎలుగుబంటి లేచి నిలబడింది. "అవునయ్యా, వద్దంటావేం?"

నలుగురిలో కాదంటే గుట్టు రట్టవుతుంది. నక్క పళ్ళికిలించి గంపెడు గింజలు తెచ్చి పోసింది.

"నాదీ తీసుకో!" అంది ఎలుగు.

"నాదీ!" "ముందు నాది!"

గుహ ఖాళీ అయింది. నక్క అప్పటికే తినేసినవి పోగా ఉన్నవి సగం మందికి కూడా చాలలేదు. నక్క తోక ముడిచి కొండ వెనక్కి పరుగు తీసింది. కుందేలు వంతు రానేలేదు.

"నువ్వు నోరు మూసుకుని ఉంటే ఇంకా పెరిగేది," అని ఉడుత మీద విరుచుకుపడింది.

ఉడుత తన గింజల్లో కొన్ని తీసి కుందేలు బొరియ ముందు పెట్టింది. కుందేలు వాటిని కాలితో తన్నేసింది.

మబ్బు పట్టింది. చినుకులు మొదలయ్యాయి.

"అమ్మా, మనతో ఎవరూ మాట్లాడరేం?" అంది చిన్నపిల్ల.

"తడుస్తావు, లోపలికి రా. గింజలు తిందువుగాని," అంది ఉడుత.

నీతి: ఇంకా పెరుగుతుందని ఊరిస్తూ అమ్మేవాణ్ణి, ముందు నువ్వే కొను అని అడగాలి.