కాలు చాపిన మేనమామ

అనగా అనగా, చంపావతి ఏటి పక్కన ఒక ఊళ్ళో అప్పలస్వామి అని ఒకాయన ఉండేవాడు. మంచివాడే, కానీ వట్టి అనుమానం మనిషి. పాలు పోసే ఆవిడ నవ్వితే నీళ్ళు కలిపిందనుకునేవాడు. నవ్వకపోతే ఇంకాస్త ఎక్కువ కలిపిందనుకునేవాడు. మా పెద్దమామయ్యగారొకరు ఇలాగే, తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కొచ్చి లాగి చూసుకునేవారు. ఆయన సంగతి ఇప్పుడెందుకులే.

అప్పలస్వామికి పైడమ్మని ఒక చెల్లెలు. ఆవిడ కూతురు బుల్లెమ్మ, నీ అంత ఉంటుంది. పుట్టినప్పటినుంచీ మామే ఎత్తుకు తిరిగాడు. దానికి చెవులు కుట్టించాలనుకున్నారు. అప్పుడు పిల్లని మేనమామ ఒళ్ళో పెట్టుకోవాలి కదా? పీట మీద మఠం వేసుకుని కూర్చోవాలి. అప్పలస్వామికేమో ఒక మోకాలు వంగదు.

అప్పుడు అనుమానం పట్టుకుంది. పిన్ని కొడుకు సింహాచలం ఉన్నాడు, వరసకి వాడూ మేనమామే. నా బదులు వాణ్ణి కూర్చోబెట్టేస్తారు, అనుకున్నాడు. ఇక అన్నం సయించలేదు.

ఎలాగైనా మోకాలు వంచాలని, యోగా నేర్పే సన్యాసయ్య మేష్టారి దగ్గరకు వెళ్ళాడు. బడి వరండాలో పొద్దున్నే నేర్పేవారాయన. తీరా చూస్తే, అక్కడ సింహాచలం పద్మాసనం వేసుకుని బొమ్మలా కూర్చుని ఉన్నాడు.

మొదట మేష్టారు అప్పలస్వామికి దుప్పటి మడిచి వేసి, దానిమీద కూర్చోమన్నారు. అందరికీ చాప, నాకు మాత్రం దుప్పటా, వేరుపెట్టేశారని దాన్ని పక్కకి నెట్టేశాడు.

ఆ తర్వాత మేష్టారు, కాలు ఎంత వంగితే అంతే వంచి, మెల్లగా ఊపిరి వదలమన్నారు. అసలు కిటుకు సింహాచలానికి చెప్పి నాకు దాస్తున్నాడని, ఒక కన్ను తెరిచి వాణ్ణే చూస్తూ కూర్చున్నాడు. ఊపిరి సంగతే మర్చిపోయాడు.

మూడోసారి ఏం చేశాడో తెలుసా? ఇంట్లో గడియ వేసుకుని, మఠం వేయబోతే పైకి లేచిన మోకాలు అణగాలని దాని మీద తిరగలి రాయి పెట్టుకున్నాడు. తిరగలంటే పప్పులు విసురుకునేది, మీ అమ్మ కూడా వాడి ఉండదు. అప్పుడు మోకాలు గుమ్మడికాయలా వాచింది.

మేష్టారు చూడ్డానికొచ్చారు. నవ్వుకోడానికొచ్చాడనుకున్నాడు అప్పలస్వామి. ఆయన నవ్వలేదు. మోకాలికి తడిగుడ్డ చుడుతూ అన్నారు:

"ఊళ్ళోవాళ్ళని అనుమానిస్తావు, సరే. సొంత మోకాలు కూడా నీ మీద కుట్ర చేస్తోందంటావా? వంగలేనంటోంది. దాని మాటైనా నమ్మవయ్యా."

అప్పలస్వామి తిరగలి రాయిని మూలకి దొర్లించేశాడు.

వాపు తగ్గాక మళ్ళీ వరండాకి వెళ్ళాడు. దుప్పటి తనే అడిగి వేయించుకున్నాడు. వంగే కాలు మడిచాడు, వంగని కాలు చాపాడు, కళ్ళు మూసుకున్నాడు. అప్పుడు తన ఊపిరి తనకి వినపడింది.

ఆ తర్వాత చెవులు కుట్టే రోజొచ్చింది. కంసాలి సూది తీశాడు. సింహాచలం పీట పట్టుకొస్తున్నాడు. అయిపోయింది, వీడే కూర్చుంటాడనుకున్నాడు అప్పలస్వామి. వాడు పీట తెచ్చి ఇతని ముందే వేశాడు.

"కూర్చో అన్నయ్యా. నా కాళ్ళు వంగుతాయి గానీ, ఆ పిల్ల నా దగ్గరకు రాదు."

పెద్దల ముందు కాలు చాపితే ఏమనుకుంటారో అని అప్పలస్వామి కాస్త ఆగాడు. ఆ తర్వాత ఊపిరి వదిలి, చాపుకునే కూర్చున్నాడు. ముసలమ్మలు ముక్కున వేలేసుకున్నారు. బుల్లెమ్మ మాత్రం ఆ చాపిన కాలి మీద గుర్రం ఎక్కినట్టు ఎక్కి, మామ మెడ వాటేసుకుంది. సూది గుచ్చితే ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అక్కడే నిద్రపోయింది. కాలు తిమ్మిరెక్కినా అతను కదల్లేదు.

ఆ పూట అతనికి ఎవరిమీదా అనుమానం రాలేదు. కంసాలి మీద తప్ప. రెండో చెవి కాస్త కిందకి కుట్టాడేమోనని, పిల్ల లేవకుండా మెడ వంచి వంచి చూసుకున్నాడు.

కథేమో కంచికి,
కన్నేమో నిద్దరకి,
మా బంగారుతల్లేమో అమ్మమ్మ పక్కకి.